దగ్గున్నదా?

రాత్రంతా పట్టిన ముసురు తెల్లారుజామున తెరిపిచ్చింది. మూసీ ఆయకట్టు కింద, సూర్యాపేటకు కొంచెం ఎడంగా ఉన్న ఒక ఊరు. ఆగస్టు నడిమి రోజులు. పాలకేంద్రం మూల మీద నిలబడ్డాం. రోడ్డుకు ఇటు పక్క నిన్న వేసిన నాటు ఇంకా తల ఎత్తలేదు. అటు పక్క మడిలో నారు కట్టలు నీళ్ళలో తేలుతున్నాయి. ఎక్కడో ట్రాక్టరు బురదను కలియదున్నుతున్న చప్పుడు. ఇంకా ఆరున్నర కూడా కాలేదు.

ఆశక్క వచ్చేసింది. భుజాన గుడ్డసంచి, అందులో రిజిస్టరు, థర్మామీటరు, పారాసిటమాల్ గోలీలు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక తడి గొడుగు. "నడువుండ్రి. నాటుకు పోయెటోళ్ళు ఆటో ఎక్కినంక ఇండ్లకు తాళాలే," అంటూ ఆగకుండానే మన ముందు నుంచి సాగిపోయింది. ఆమె అడుగుకు మన అడుగు అందదు. ఏ వాకిట్లో కుక్క కరుస్తుందో, ఏ సందులో బురద మోకాలి దాకా దిగుతుందో ఆమె కాళ్ళకు తెలుసు.

మొదటి ఇల్లు. రేకుల పంచలో నులక మంచం, దాని మీద దుప్పటి కప్పుకున్న ముసలమ్మ. ముఖం మాత్రమే కనిపిస్తోంది.

"అవ్వా, పానం ఎట్లుంది?"

"ఏముందె బిడ్డా. జరమొచ్చె."

"ఎప్పటి సంది?"

"మొన్న శనారం సంది."

థర్మామీటరు చంకలో పెట్టి, మంచం పట్టె మీద కూర్చుంది ఆశక్క. మనమూ పక్కనున్న దిమ్మె మీద కూర్చున్నాం. చూరు నుంచి నీటి బొట్లు ఒక్కటొక్కటే రాలుతున్నాయి. పొయ్యి దగ్గర కోడలు కట్టె పుల్లలు ఊదుతోంది, తడి పుల్లలు పొగ తప్ప మంట ఇవ్వడం లేదు. థర్మామీటరు కూత పెట్టింది. 101.4.

"ఒళ్ళు నొప్పులున్నయా?"

"నాట్లేసిన నడుము నొయ్యకుంటదా?" అంది అవ్వ. ఆ జవాబుకు ఆశక్క నవ్వలేదు. నాట్ల కాలంలో ఒళ్ళు నొప్పులు ఊరందరికీ ఉంటాయి. జ్వరం నొప్పి ఏదో, వంగి నాటేసిన నొప్పి ఏదో విడదీయడం ఎవరి తరమూ కాదు. అందుకే ఆ ప్రశ్నను పక్కన పెట్టి ఇంకోటి అడిగింది.

"దగ్గున్నదా?"

"దగ్గు ఎప్పుడుండదు? యాడాది పొడుగూత ఉంటది."

"పాత దగ్గేనా, కొత్తగ పట్టుకున్నదా?"

అవ్వ ఆలోచించింది. పొయ్యి దగ్గర నుంచి కోడలే జవాబు చెప్పింది. "కొత్తదే అక్కా. పొల్లగాడు బడి నుంచి సర్ది పట్టుకొచ్చిండు. వానికి తగ్గింది, ముసలామెకు చుట్టుకున్నది. రాత్రంత దగ్గే."

ఆశక్క రిజిస్టరు తెరిచింది. పేరు, వయసు, జ్వరం ఎప్పటి నుంచి. ఆ తర్వాత, ఒక్క క్షణం కలం ఆపి, 'దగ్గు' అని రాసింది.

మనం ఈ పొద్దున్నే ఇంత దూరం వచ్చింది ఆ ఒక్క మాట కాగితం మీద పడడం చూడడానికే. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం చాలా పొట్టిది: 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, లేదా అంతకు మించిన జ్వరం, దానితో దగ్గు, రెండూ గత 10 రోజుల్లో మొదలై ఉండాలి. అలాంటి రోగిని 'ఫ్లూ లాంటి జబ్బు' లెక్కలో వేస్తారు. ఆసుపత్రిలో చేర్చాల్సినంత ముదిరితే అది ఇంకో లెక్క. పుస్తకంలో ఒక్క వాక్యం. ఈ పంచలో దాన్ని తేల్చడానికి పది నిమిషాలు పట్టింది, కోడలి సాక్ష్యం కూడా కావలసి వచ్చింది.

దేశంలో వ్యాధుల మీద నిఘా కోసం 2004లో ఐడీఎస్పీ అనే కార్యక్రమం మొదలైంది. అందులో మూడు ఫారాలు. ఊళ్ళో లక్షణాలు చూసి ఏఎన్ఎం నింపేది ఎస్, డాక్టరు పరీక్షించి ఇది ఫలానా జబ్బు కావచ్చు అని నింపేది పి, ల్యాబ్ తేల్చి నింపేది ఎల్. ఎస్ ఫారంలో ఉత్త జ్వరానికి ఒక గడి, దద్దుర్లతో జ్వరానికి ఒకటి, రక్తం కారితే ఒకటి. దగ్గుకు వేరే గడి, జ్వరం ఉన్నా లేకున్నా. ఈ అవ్వను దగ్గు గురించి అడగకపోతే ఆమె ఎక్కడికి పోయేది? ఉత్త జ్వరం గడిలోకి. అక్కడ డెంగీ, మలేరియా, టైఫాయిడ్ అనుమానాలన్నీ ఒకే కుప్పగా పడి ఉంటాయి. ఫ్లూ ఆ కుప్పలో కనపడకుండా పోయేది.

మన పత్రికలకు ఆ కుప్పకు ఒక పేరుంది: విషజ్వరాలు. వానాకాలం జిల్లా పేజీ తిప్పితే 'మంచం పట్టిన పల్లె' అన్న శీర్షిక ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. ఆ వార్తలు అక్కరకొస్తాయి, కాదనను. ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రంలో పత్రికల వార్తలు వెతికి, జిల్లాలకు పంపి నిజమో కాదో కనుక్కునే విభాగమే ఉంది. కానీ 'విషజ్వరం' అన్న మాట అంటే నాకు కోపం. అది భయపెడుతుంది తప్ప ఏమీ చెప్పదు. దోమ కుడితే వచ్చిందా, నీళ్ళ వల్ల వచ్చిందా, పక్కవాడు దగ్గితే వచ్చిందా? మూడింటికీ చేయాల్సిన పనులు మూడు రకాలు.

నా కోపానికి సొంత కారణమూ ఉంది. 2015 జనవరిలో మా చిన్నత్తకు జ్వరం వచ్చింది. ఆమెకు షుగరు. ఊరి దగ్గరి పట్నంలో ఒక ప్రైవేటు దవాఖానలో ఐదు రోజులు టైఫాయిడ్ అని సూదులిచ్చారు. దగ్గుతూనే ఉంది, మేమంతా పక్కనే ఉండి విన్నాం. ఆరో రోజు ఆయాసంతో హైదరాబాదు తీసుకుపోయాం. స్వైన్ ఫ్లూ అని తేలేసరికి వెంటిలేటరు మీద ఉంది. తిరిగి ఇంటికి రాలేదు. ఆ ఏడాది దేశం మొత్తం మీద 42 వేలకు పైగా హెచ్1ఎన్1 కేసులు, 3 వేలకు దగ్గరగా మరణాలు లెక్కకెక్కాయి. ఆ లెక్కలో ఆమె ఒకటి. కానీ మొదటి ఐదు రోజులు ఆమె ఏ లెక్కలోనూ లేదు.

రెండో ఇంటికి తాళం. మూడో ఇంటికీ తాళం. పక్కింటావిడ గోడ మీదుగా చెప్పింది: "జరముంటె ఏందమ్మా, గోలీ మింగి నాటుకు పోయిండ్రు." నాట్ల రోజుల్లో కూలి మిగతా రోజులకన్నా ఎక్కువ. ఒక రోజు మంచం మీద పడుకుంటే ఎంత పోతుందో వాళ్ళకు లెక్క తెలుసు. తాళం వేసిన ఇంటి ఎదుట ఆశక్క రిజిస్టరులో చిన్న చుక్క పెట్టుకుంది. చీకటి పడ్డాక మళ్ళీ రావాలని గుర్తు. ఒక ఆశ కార్యకర్తకు దాదాపు 1000 మంది జనం. ఇలాంటి చుక్కలు ఆ పేజీలో చాలా ఉన్నాయి.

బడి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. టీచరమ్మ హాజరు పట్టీ తెచ్చి చూపించింది. నాలుగో తరగతిలో గత వారం నుంచి గైర్హాజరు గుర్తులు వరుసగా కిందికి దిగుతున్నాయి, ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో టీచరమ్మ చెబుతుంటే ఆ గుర్తులకు అర్థం తెలిసింది. అవ్వ మనుమడు మూడో బెంచీ.

ఊరి నడుమ ఆర్ఎంపీ గది. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల రెండు బెంచీలు, కిటికీ చువ్వకు వేలాడే రెండు సెలైన్ సీసాలు, వాటి కింద ఇద్దరు మనుషులు. ఆరుబయట చెప్పుల గుంపు. ఊళ్ళో జ్వరం వచ్చినవాళ్ళలో చాలామంది ముందుగా తొక్కే గడప ఇదే. ఇక్కడికి వచ్చిన జ్వరం సర్కారు ఫారాల్లోకి చేరే దారి మామూలుగా ఉండదు. దీనికి తోడు మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే గోలీలు ఉన్నాయి, వాటికి చీటీ కూడా ఉండదు. మనం ఎంత ఫారాలు నింపినా మునిగిన భాగమే పెద్దది.

ఆశక్క గడపలోనే నిలబడి అడిగింది. "అన్నా, ఈ వారం ఎక్కువేం వస్తున్నయి?"

"అంత వైరల్," అన్నాడాయన సూది మందు ఎక్కిస్తూ. "ప్లేట్‌లెట్లు చూపియ్యమంటున్నరు అందరు."

"దగ్గుతోని వచ్చినోళ్ళెందరు?"

ఆయన చేతిలో పని ఆపి, బెంచీల వైపు చూశాడు. ఒకసారి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "చానమందే ఉన్నరక్కా," అన్నాడు, తనకే ఇప్పుడు తెలిసినట్టు. డెంగీ ఏళ్ళు మనకు ప్లేట్‌లెట్లు లెక్కపెట్టడం నేర్పాయి, మంచిదే. కానీ జ్వరం అనగానే రక్తం వైపే చూడడం అలవాటై, ఊపిరి వైపు చూడడం మరిచిపోయాం.

ఎస్సీ కాలనీ చివరి ఇల్లు. ఏడో నెల కడుపుతో ఒక పిల్ల గోడకు ఆనుకొని కూర్చుంది. పిల్లే, ఇరవై దాటి ఎంతో కాలం అయి ఉండదు. మొన్న రాత్రి నుంచి జ్వరం. దగ్గు ఉందా అని ఆశక్క అడగాల్సిన పని లేకపోయింది, మనం వాకిట్లోకి రాకముందే వినిపించింది.

ఇక్కడ ఆశక్క నడక మారిపోయింది. ఇప్పటిదాకా కూర్చుని నింపాదిగా అడిగిన మనిషి కూర్చోలేదు. పిల్ల ఛాతీ వైపు చూస్తూ ఫోన్లో నిమిషం పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టింది. 28. వెంటనే ఏఎన్ఎంకు ఫోను. "సిస్టర్, ఏడు నెలలు. దగ్గు, జరం, దమ్ము." మూడే మాటలు. అత్తగారు "నాటుకు పోయిన మొగోడు రానీ" అంటుంటే, "ఆయన దవాఖానకే వస్తడు, నువ్వు బట్టలు సర్దు" అంది. ఆటో వచ్చేలోగా పిల్ల ముక్కుకూ నోటికీ తన సంచిలోని మాస్కు తొడిగింది. మనమూ వెనక సీట్లో ఇరుక్కున్నాం.

పీహెచ్‌సీలో ఓపీ చీటీల వరుస గేటు దాకా ఉంది. ఈ పిల్లను డాక్టరమ్మ నేరుగా లోపలికి పిలిపించుకుంది. వేలికి ఆక్సీమీటరు పెట్టింది. అంకెలు కాసేపు ఊగి 93 దగ్గర నిలిచాయి. డాక్టరమ్మ మాటలో తొందర లేదు, చేతిలో ఉంది. ఒసెల్టామివిర్ గోలీ అక్కడే మింగించింది. రోజుకు రెండు పూటలా, 75 మిల్లీగ్రాములు, ఐదు రోజులు. "రిపోర్టు వచ్చేదాక ఆగొద్దా?" అని అత్తగారు అడిగింది. "ఈ మందు మొదటి 48 గంటల్లో పడితేనే ఎక్కువ పనిచేస్తుందమ్మా. రిపోర్టు వెనక వస్తుంది," అంటూనే సూర్యాపేట పెద్ద దవాఖానకు చీటీ రాసింది.

ఈ చీటీ వెనక ఒక నియమం ఉంది, దాన్ని తెలుసుకుంటే అంకెలు చదివే కన్ను మారుతుంది. ప్రభుత్వ మార్గదర్శకాలు ఫ్లూ రోగులను మూడు వర్గాలు చేస్తాయి. మామూలు జ్వరం, దగ్గు ఉన్నవాళ్ళు ఏ. జ్వరం ఎక్కువైనవాళ్ళు, గర్భిణులు, ముసలివాళ్ళు, షుగరు లాంటి జబ్బులున్నవాళ్ళు బి. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత వచ్చినవాళ్ళు సి. ముక్కు, గొంతు నమూనా తీసి పరీక్ష చేయించేది సి వర్గానికే. మొదటి ఇంటి అవ్వకు పరీక్ష ఉండదు, ఉండాల్సిన పని కూడా లేదు. కాబట్టి జిల్లాలో ఇన్ని ఫ్లూ కేసులు అని పేపర్లో వచ్చిన అంకె చూసి ఊరట పడకూడదు. అది దవాఖాన మెట్లెక్కిన ఆయాసం లెక్క. ఊళ్ళో ఎంత ఉందో చెప్పేది ఆశక్క రిజిస్టరులో 'దగ్గు' అన్న మాటే.

సూర్యాపేట. వార్డు బయట గదిలో ల్యాబ్ టెక్నీషియన్ ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకున్నాడు. పిల్ల మంచం మీద కూర్చుంది, ముక్కులో ఆక్సిజన్ గొట్టం, పక్కన ఇప్పుడే పరుగున వచ్చిన భర్త. అతని పిక్కల మీద మడి బురద ఇంకా ఆరలేదు.

"ఆ... అనమ్మా." నాలుక అదిమి, గొంతు వెనక గోడను పుల్లతో రాశాడు. పిల్లకు వాంతి వచ్చినంత పనైంది. తర్వాత ముక్కు. పుల్ల పైకి పోదు, అంగిలికి సమంగా తిన్నగా లోపలికి పోతుంది. కాసేపు ఉంచి మెల్లగా తిప్పాడు. ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి, భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండు పుల్లలూ గులాబి రంగు ద్రవం ఉన్న చిన్న సీసాలో ముంచి, గాటు దగ్గర విరిచి మూత బిగించాడు. ఈ పుల్లలు మామూలు దూది పుల్లలు కావు, నైలానువో పాలిస్టరువో కావాలి. చెక్క, దూది పరీక్షకు అడ్డొస్తాయి. సీసా ఒక సంచిలో, ఆ సంచి ఇంకో డబ్బాలో, ఆ డబ్బా ఐసు పలకల పెట్టెలో. లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, మూడు రోజుల్లోపు ల్యాబ్ చేరాలి. పెట్టె మీద అట్టముక్కకు చీటీ అంటించారు. హైదరాబాదు రోడ్డెక్కింది.

హైదరాబాదు నారాయణగూడలోని ఐపీఎం ల్యాబ్. ఇక్కడి పని చూడడానికి కంటికేమీ కనపడదు. సీసాలోని ద్రవం నుంచి వైరస్ జన్యుపదార్థం వేరుచేసి, ఆర్టీపీసీఆర్ యంత్రంలో వేడిచేస్తూ చల్లారుస్తూ పెంచుతారు. తెరమీద గీతలు నేలబారుగా సాగి సాగి, ఉన్నట్టుండి పైకి లేస్తాయి. వైరస్ ఎంత ఎక్కువుంటే గీత అంత తొందరగా లేస్తుంది. ఆ గీతల్లో ఒకటి వైరస్‌ది కాదు, మనిషిది. మనుషులందరి కణాల్లో ఉండే ఒక జన్యువును కూడా వెతుకుతారు. ఆ గీత లేవకపోతే పుల్ల సరిగా తగల్లేదని అర్థం, 'వైరస్ లేదు' అని చెప్పే హక్కు ల్యాబ్‌కు ఉండదు. నాకు ఈ జాగ్రత్త ఎంతో నచ్చింది. మడి బురద కాళ్ళ మనిషి చెయ్యి పట్టుకుని ఆ పిల్ల ఓర్చుకున్న ఆ కొద్ది క్షణాలకు అక్కడ ఒక గీత గౌరవంగా లేచింది.

దాని పక్కనే ఇంకో గీత లేచింది. ఇన్‌ఫ్లుయెంజా ఏ, హెచ్1ఎన్1. 2009లో ప్రపంచాన్ని చుట్టిన రకం. మన దేశంలో మొదట తేలింది ఈ హైదరాబాదులోనే, ఆ ఏడాది మే నెలలో, అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడిలో. 2010 ఆగస్టులో మహమ్మారి ముగిసిందని ప్రకటించారు. ముగిసింది మహమ్మారే, వైరస్ కాదు. అది మన వానలతో పాటు వచ్చిపోయే జబ్బుగా స్థిరపడింది.

ఈ గీత కథ ఇక్కడ ఆగదు. ఇలాంటి నమూనాల సమాచారం పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ మీదుగా ప్రపంచ నిఘా వ్యవస్థలోకి చేరుతుంది. 1952 నుంచి పనిచేస్తున్న ఆ వ్యవస్థలో నూటికి పైగా దేశాల ల్యాబ్‌లున్నాయి. ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి టీకాలో ఏ రకాలుండాలో తేలుస్తారు. మనం ఉత్తరాన ఉన్నాం, కానీ మన ఊళ్ళల్లో ఫ్లూ ఎక్కువయ్యేది జూలై నుంచి సెప్టెంబరు దాకా, వానలతో. చలికాలం చివర ఇంకో చిన్న పోటు వస్తుంది. శ్రీనగర్ లెక్క వేరు, అక్కడ చలికాలమే. ఈ తేడా ఎవరో ఊహించి చెప్పింది కాదు, ఊరూరా వారం వారం లెక్క పెట్టగా తేలింది. అందుకే మనలాంటి చోట టీకా చలికాలం ముందు కాదు, వానలకు ముందు వేయించుకోవడం మేలని పరిశోధకులు చెబుతున్నారు. లేనిదాన్ని కూడా ఈ లెక్కే పట్టిస్తుంది. బి రకంలో యమగాటా అనే వంశం 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా తేలలేదు. కోవిడ్ రోజుల్లో మనం మూసుకున్న నోళ్ళు, తలుపులు దాని దారిని కూడా మూసేసినట్టున్నాయి. నాలుగు రకాల టీకాను మళ్ళీ మూడు రకాలకు తగ్గించమన్నది ఆ లేమిని చూసే.

జిల్లా నిఘా విభాగంలో గోడ మీద కాగితం. ఏడాదికి 52 వారాలు, 33వ వారం దగ్గర ఎర్ర చుక్క. కింద గత కొన్నేళ్ళ ఇదే వారపు సగటు గీత. ఈ వారం చుక్క దానికి పైన ఉంది. 2021 ఏప్రిల్ నుంచి దేశమంతా ఐహెచ్ఐపీ అనే కొత్త వేదిక మీద ఈ ఫారాలు ట్యాబ్‌లోనే నింపుతున్నారు, అంతకు ముందే మొదలుపెట్టిన ఏడు రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. వారం చివర కాగితాల కోసం ఎదురుచూసే రోజులు పోయాయి. ఆ మండలంలో దగ్గు గడి పెరుగుతోందని ఈ గదిలో చూసిన మనిషి పీహెచ్‌సీకి ఫోను చేసి, ఒసెల్టామివిర్ నిల్వ ఎంతుందో అడిగాడు. కడుపుతో ఉన్నవాళ్ళ జాబితా పట్టుకుని ఇంటింటికీ వెళ్ళమన్నాడు.

మళ్ళీ ఊళ్ళో ఉన్నాం. మూడో రోజు, రాత్రి ఎనిమిదిన్నర. చినుకులు. కరెంటు పోయి ఇప్పుడే వచ్చింది. పిల్లకు ఆయాసం తగ్గిందని, ఆక్సీమీటరు 97 చూపిస్తోందని సూర్యాపేట నుంచి కబురు. ఆశక్క తన ఇంటి గడపలో కూర్చుని చుక్కలు పెట్టుకున్న ఇళ్ళను ఒక్కొక్కటే నింపుతోంది. పక్కన పళ్ళెంలో అన్నం చల్లారిపోతోంది. సబ్ సెంటరులో సిస్టర్ ట్యాబ్ మూసే లోపల ఇవన్నీ చెప్పాలి.

ఫోను మోగింది. మొదటి ఇంటి కోడలు. అవ్వ లేచి జావ తాగిందట. అది చెప్పడానికి కాదు చేసింది.

"అక్కా, పొద్దుగూకంగ నాకు జరమొచ్చింది."

ఆశక్క కలం తీసింది. కొత్త గీత కొట్టి, పేరు రాసింది.

"దగ్గున్నదా?"